ఎవల పాపమూ గాదు చెల్లె

చెల్లె, మన దిక్కు ఎవలకన్న క్యాన్సర్ అని తెలిసిందంటే మొదలు వచ్చే మాట మందుల గురించి గాదు. "ఏం పాపం చేసిందో", "ఎవల ఉసురు తాకిందో" అంటరు. కొందరి ఇండ్లల్ల చెంబు, గ్లాసు సుత వేరే పెడ్తరు. మనుమడిని నాయనమ్మ ఒళ్లె కూసోనియ్యరు. జగిత్యాలల, కోరుట్లల, సిరిసిల్లల రోగం పెట్టే బాధతోని పాటు ఈ మాటల బాధ సుత పడ్డ ఆడోళ్లు ఎందరో. అందుకే ఈసారి ముచ్చట్లల వంటలు, చీరెలు పక్కకు పెట్టి, ఈ రోగం మన ఒంట్ల ఎట్ల మొదలైతదో మాట్లాడుకుందాం. సైన్సు కదా అని పేజీ తిప్పకు. అర్థమైతే భయం తగ్గుతది. భయం తగ్గితే దవాఖానకు పోయే ధైర్యం వస్తది.

నేను కోరుట్ల పిల్లనే. మా అమ్మ చాటల తంబాకు పోసుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చేసిన పైసలతోనే నన్ను చదివిచ్చింది. ఇప్పుడు నేను కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్త. కణాల పాఠం వచ్చినప్పుడల్ల మన వాడల కూసొని బీడీలు చేసే అక్కలే నా కండ్ల ముందట మెదులుతరు. ఈ పాఠం ఎవలకన్న ముందుగాల చెప్పాలంటే వాళ్లకే చెప్పాలె.

మన ఒంట్ల దాదాపు ప్రతి కణంల డీఎన్‌ఏ ఉంటదని నీకు తెలుసు. ఏ ప్రోటీన్ ఎట్ల తయారు చెయ్యాల్నో అండ్ల రాసి ఉంటది. కణం తనకు కావల్సిన ముక్కకు ఒక నకలు తీసుకుంటది. దాన్నే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటరు. ఆ నకలును చదివి ప్రోటీన్ తయారు చేస్తది. ఏ నకలు ఎప్పుడు తియ్యాలె అన్నదాని మీదనే కణం అదుపంత ఉంటదని శాస్త్రవేత్తలు చాన ఏండ్లు అనుకున్నరు. తీసిన నకలును సుత ఆపే ఇంకో ఏర్పాటు ఉన్నదని 1993ల బయటపడ్డది.

దాన్ని బయటపెట్టింది ఒక పురుగు. ఒక్క మిల్లీమీటరు పొడుగుంటది, అంతే. అమెరికాల విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అనే ఇద్దరు దాని ఎదుగుదలను పరీక్ష చేస్తుండిరి. లిన్-4 అనే జన్యువు చెడిపోయిన పురుగులల్ల కణాలు ఎదిగినంక చెయ్యాల్సిన పని చెయ్యకుండ, చిన్నప్పటి పనే మళ్లమళ్ల చేస్తున్నయి. ఆంబ్రోస్ దగ్గర పనిచేసిన రోసలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ అనే ఇద్దరు ఆడోళ్లు ఏండ్ల కొద్ది కష్టపడి ఆ జన్యువును పట్టిన్రు. చూస్తే అది ప్రోటీనే చేస్తలేదు. దానినుంచి వచ్చేది 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక. ఆ తునక లిన్-14 అనే ఇంకో జన్యువు నకలుకు అతుక్కొని, దాని ప్రోటీన్‌ను తగ్గిస్తున్నదని రెండు ల్యాబులు కలిసి తేల్చినయి.

ఏడేండ్ల దాక ఎవలూ పెద్దగ పట్టించుకోలే. పురుగు ముచ్చట మనుషులకెందుకు అనుకున్నరు. 2000ల రవ్‌కన్ ల్యాబుల లెట్-7 అనే రెండోది దొరికింది. అది పురుగులనే గాదు, ఈగలల్ల, చేపలల్ల, మనుషులల్ల సుత ఉన్నదని తేలినంక అందరు లేచి కూసున్నరు. ఇప్పుడు మన మనుషులల్లనే వెయ్యికి పైన ఇటువంటివి ఉన్నయని లెక్క. వీటిని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటరు. ఆంబ్రోస్‌కు, రవ్‌కన్‌కు 2024 అక్టోబర్ 7న వైద్య నోబెల్ ప్రకటించిన్రు.

ఇవి చేసే పని సిరిసిల్ల చెల్లెండ్లకు ఇట్టె అర్థమైతది. షెడ్డుల సాంచాలు నడుస్తుంటయి. ఒక్క మనిషే ఎన్నో సాంచాల నడుమ తిరుక్కుంట, పోగు తెగిన కాడ, నేసింది చాలిన కాడ చెయ్యి పెట్టి ఆపుతడు. ఆయన బట్ట నెయ్యడు, నేసేదాన్ని అదుపుల పెడ్తడు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ గదే పని చేస్తది. ఒక్కొక్కటి వందల నకళ్లను చూసుకుంటది. ఒక్క నకలు మీద నాలుగైదింటి కన్ను సుత ఉండొచ్చు. ఆ మనిషి షెడ్డుకు రాకపోతే ఆగాల్సిన సాంచ ఆగదు. వచ్చిన మనిషే అతిచేసి ఆపగూడని సాంచను ఆపితే సుత నష్టమే. క్యాన్సర్‌ల ఈ రెండు రకాల తప్పులూ జరుగుతయి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక్కసారే తయారై రాదు. మొదలు పొడుగ్గ ఉంటది, మడత పడి ఉంటది. కణం నడుమ ఉండే కేంద్రకంల డ్రోషా అనే ఎంజైము దాన్ని ఒకసారి కోస్తది. బయటికి వచ్చినంక డైసర్ అనే ఇంకో ఎంజైము కోసి 22 అక్షరాలకు తెస్తది. ఆ తునకను ఆర్గోనాట్ అనే ప్రోటీన్ పట్టుకొని తిరుగుతది. తునక ముందటి భాగంల ఉండే ఏడు అక్షరాలు ఏ నకలు తోక భాగంతోని జత కుదిరితే, ఆ నకలు పని తగ్గిపోతది, లేకుంటె ఆ నకలే కరిగిపోతది. ఈ పనిల ఏ మెట్టు కాడ దెబ్బ తాకినా లెక్క తప్పుతది.

క్యాన్సర్‌తోని వీటికి సంబంధం ఉన్నదని మొదలు చూపెట్టింది 2002ల. అమెరికాల కార్లో క్రోచే, జార్జ్ కాలిన్ వాళ్ల బృందం పెద్దవయసు వాళ్లకు మెల్లగ ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్‌ను పరీక్ష చేస్తుండె. ఆ రోగుల కణాలల్ల 13వ క్రోమోజోముల ఒక ముక్క మళ్లమళ్ల ఊడిపోయి కనపడేది. అండ్ల క్యాన్సర్‌ను ఆపే జన్యువు ఉంటదని ఎంత వెతికినా దొరకలేదు. కడకు చూస్తే ఆ జాగల ఉన్నయి రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, మిర్-15, మిర్-16. వాళ్లు చూసిన రోగులల్ల నూటికి 68 మందిల అవి ఊడిపోయో, తగ్గిపోయో ఉన్నయి. ఆ రెండు అదుపుల పెట్టేది బీసీఎల్2 అనే ప్రోటీన్‌నని 2005ల తేలింది. ఆ ప్రోటీన్ ఎక్కువైతే, కాలం తీరిన కణం సుత చావనని మొండికేస్తది. చావని కణాలు కుప్పపడుడే ఆ రోగం. అదే బీసీఎల్2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే గోలీకి 2016ల అమెరికాల అనుమతి వచ్చింది. ఆ మందు పుట్టింది వేరే పరిశోధనల నుంచే అయినా, రెండు దారులు వచ్చి ఒక్క ప్రోటీన్ కాడనే కలిసినయి చూడు.

రెండో రకం తప్పుకు మిర్-21ను చెప్తరు. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు, నోరు, ఇట్ల చాన క్యాన్సర్లల్ల అది ఉండాల్సినదానికన్న ఎక్కువుంటది. కణం పెరుగుదలను ఆపే మంచి ప్రోటీన్ల నకళ్లనే పోయి అది ఆపుతది. 2010ల ఎలుకలల్ల మిర్-21ను కావాలని పెంచితే లింఫోమా అనే క్యాన్సర్ గడ్డలు వచ్చినయి. దాన్ని తగ్గియ్యంగనే ఆ గడ్డలు కరిగిపోయినయి. ఒక్క చిన్న తునక మీద గడ్డ మొత్తం ఆధారపడి బతుకుతదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇగ మన ఇండ్ల ముచ్చటకు వస్త. "అక్కా, మంచిగ పనిచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఎందుకు తప్పుతయి?" అంటవు. వయసు, డీఎన్‌ఏల వచ్చే మార్పులు, కొన్ని వైరస్‌లు, అన్నిటికన్న మన దిక్కు ఎక్కువ కనపడేది పొగాకు. 2009ల అమెరికాల ఒక బృందం పొగ తాగేటోళ్ల శ్వాసనాళాల పొరను, తాగనోళ్ల పొరను పక్కపక్కన పెట్టి చూసింది. 28 మైక్రో ఆర్‌ఎన్‌ఏల లెక్క మారి ఉన్నది. అండ్ల ఎక్కువ శాతం తగ్గిపోయినయే. ఇంకా క్యాన్సర్ రానోళ్ల పొర గూడ అండ్ల ఉన్నది, గుర్తుంచుకో. గడ్డ కనపడకముందే అదుపు సడలుతదన్నట్టు. జపాన్‌ల 2004ల 143 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను చూసిన్రు. లెట్-7 తక్కువున్నోళ్లు ఆపరేషన్ అయినంక సుత తక్కువ కాలం బతికిన్రు. లెట్-7 ఆపేది రాస్ అనే ప్రోటీన్‌ను, అది కణాన్ని పెరుగు పెరుగు అని తరిమే ప్రోటీన్. పురుగుల ఎదుగుదల కాడ దొరికిన లెట్-7నే, మన ఊపిరితిత్తులల్ల కావలి కాస్తున్నది.

బీడీ పొగ సిగరెట్ పొగకన్న మంచిదని మగోళ్లు అంటరు, ఆకే కదా అని. నమ్మకు. ఫిల్టరు ఉండది, ఆరిపోకుండ గట్టిగ, మళ్లమళ్ల గుంజాలె. నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు బీడీ కారణమని రుజువైన ముచ్చట. తంబాకు నమిలినా, గుట్కా చప్పరించినా, పొడి చిగుర్లకు రుద్దినా నోటి పొరకు గదే దెబ్బ. వక్క సుత ఊరికే పోదు. వక్క, గుట్కా అలవాటున్నోళ్లకు నోటి లోపలి చర్మం బిరుసై, నోరు తెరుచుకోక, మూడు వేళ్లు పట్టని స్థితి వస్తది. అది క్యాన్సర్‌కు ముందటి మెట్టు.

మరి బీడీలు చేసేటోళ్ల సంగతేంది? పొగ తాగకున్నా తంబాకు దుమ్ము ముక్కుల నుంచి, నికోటిన్ చేతుల చర్మం నుంచి ఒంట్లకు పోతది. బీడీ కార్మికుల మూత్రంల నికోటిన్ ఆనవాళ్లను మన దేశ శాస్త్రవేత్తలు చూసిన్రు. దగ్గు, ఆయాసం, తలనొప్పి, నడుము నొప్పి నీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇయ్యాల్టికియ్యాల పని బందు పెట్టుమని నేను అనలేను. ఆ పైసలతోనే ఇల్లు నడుస్తదని, పీఎఫ్ పత్రం మీదనే రేపటి పింఛను ఆధారపడ్డదని నాకు తెలుసు. కానీ కొన్ని మన చేతులల్ల ఉన్నయి. కిటికీ తలుపు తీసి, గాలి వచ్చే కాడ కూసో. ముక్కుకు, నోటికి మంచి మాస్కు పెట్టుకో, లేకుంటె కొంగన్న మడత పెట్టి కట్టు. పసిపిల్లను చాట పక్కన పండుకోబెట్టకు. తంబాకు సంచి వంటింట్ల పెట్టకు. పని అయినంక చేతులు సబ్బుతోని కడిగినంకనే అన్నం కలుపు, పిల్లకు పాలియ్యి. పని చేసుకుంట చేసుకుంట చిటికెడు తంబాకు దవడకు పెట్టుకునే అలవాటుంటె, దాన్ని ముందుగాల మాను.

మానితే ఫాయిదా ఉన్నదా అంటె, ఉన్నది. పొగ మానిన అయిదు నుంచి పదేండ్లల్ల నోటి, గొంతు క్యాన్సర్లకు పెరిగిన ముప్పు సగానికి తగ్గుతది. పదేండ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుత సగానికి వస్తది. ఆలస్యమైందని వదిలెయ్యకు. 1800-11-2356 అని ప్రభుత్వ ఉచిత నంబరు ఉన్నది, మానెటోళ్లకు సాయం చేస్తరు. ఇంటాయనకు సుత చెప్పు.

ఆడోళ్లకే వచ్చే ఇంకోటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దీనికి హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. మన కణంల పీ53 అనే ప్రోటీన్ ఉంటది. డీఎన్‌ఏకు దెబ్బ తాకితే అది మిర్-34 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచి కణాన్ని ఆగుమంటది. హెచ్‌పీవీ చేసే ఈ6 అనే ప్రోటీన్ ఆ పీ53నే నాశనం చేస్తది. పీ53 పోతే మిర్-34 తగ్గుతది, కణం ఆగకుండ పెరుగుతది. ఈ వైరస్ పెండ్లైనోళ్లల్ల చాన మందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తది, ఎక్కువ మందిల దానంతట అదే పోతది. పోకుండ ఏండ్ల కొద్ది ఉన్నోళ్లకే ముప్పు. అందుకే ఈ క్యాన్సర్ వచ్చిన ఆడిమనిషి నడవడిక మీద నోరు పారేసుకునేటోళ్లకు జవాబు చెప్పు. 9 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు టీకా ఉన్నది. మన దేశంల తయారైన సెర్వావాక్ 2023ల వచ్చింది. నీ బిడ్డకు ఆ వయసుంటె డాక్టరమ్మను అడుగు.

"అత్తకు వచ్చింది, నా బిడ్డకు వస్తదా?" అని ఎందరో అడుగుతరు. క్యాన్సర్ ఒకరిని ముట్టుకుంటె ఇంకొకరికి అంటుకోదు. ఆమె తిన్న పల్లెంల నువ్వు తిన్నా రాదు. రక్తసంబంధంతోని వచ్చేది సుత తక్కువే. మనం చెప్పుకున్న డైసర్ ఎంజైము జన్యువుల పుట్టుకతోనే తప్పున్న కొన్ని కుటుంబాలల్ల, చిన్నపిల్లలకు ఊపిరితిత్తులల్ల అరుదైన గడ్డలు వస్తయని 2009ల కనిపెట్టిన్రు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు కొన్ని జన్యువులు వంశంల నడుస్తయి. అమ్మకు, చిన్నమ్మకు, అక్కకు చిన్న వయసులనే వచ్చి ఉంటె ఆ సంగతి డాక్టరుకు విడమరిచి చెప్పాలె. మిగిలిన ఎక్కువ క్యాన్సర్లు బతుకుల నడుమ జమైన దెబ్బలతోని వచ్చేటియే.

పసుపు ముచ్చట చెప్పకుంటె మన కోరుట్ల, మెట్‌పల్లి రైతు అక్కలు ఊకోరు. పసుపుల ఉండే కర్క్యుమిన్ పెద్దపేగు క్యాన్సర్ కణాలల్ల మిర్-21ను తగ్గించిందని 2011ల ఒక పరిశోధన వచ్చింది. నిజమే, కానీ అది గాజు పళ్లెంల పెంచిన కణాల మీద. మనం తిన్న పసుపుల కర్క్యుమిన్ పేగులనుంచి రక్తంలకు చాన తక్కువ పోతది. మన పసుపు కూరకు రుచి, ఇంటికి శుభం. దాన్ని నమ్ముకొని ఆపరేషన్, రేడియేషన్ వాయిదా వేస్తె గడ్డ మన కోసం ఆగదు. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్ గోలీలతోని కొందరికి కాలేయం దెబ్బతిన్న దాఖలాలు సుత ఉన్నయి. ఏది మింగినా డాక్టరుకు చెప్పి మింగు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలతోని మందు చెయ్యరా అంటె, చేసి చూసిన్రు. మిర్-34ను ల్యాబుల తయారు చేసి, కొవ్వు బుడగలల్ల పెట్టి, రక్తంలకు ఎక్కించే మందుతోని 2013ల పరీక్షలు మొదలైనయి. 85 మందికి ఇచ్చిన్రు. కొందరికి గడ్డ తగ్గింది. కానీ ఒంటి రక్షణ వ్యవస్థ ఎదురుతిరిగి నలుగురు చనిపోయిన్రు. 2016ల ఆపేసిన్రు. వందల నకళ్లను ఒక్కసారే అదుపు చేసే తునకను ఒంట్లకు పంపితే మంచితోని పాటు చెడు సుత వస్తదని అందరికీ తెలిసొచ్చింది. ఇంకో దారి పరీక్షలది. ఈ తునకలు రక్తంల, ఉమ్ముల చెడకుండ ఉంటయి. 2009ల అమెరికాల నోటి క్యాన్సర్ రోగుల ఉమ్ముల రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తగ్గి ఉన్నయని చూసిన్రు. రేపు ఉమ్ముతోనే నోటి క్యాన్సర్ పట్టే కాలం వస్తే మన బీడీ కార్మికులకు ఎంత మేలు! ఇయ్యాల మాత్రం నోటి క్యాన్సర్‌ను తేల్చేది బయాప్సీనే. ఒక్క రక్తపు చుక్కతోని అన్ని క్యాన్సర్లు చెప్తమని ఎవలన్న వేలకు వేలు అడిగితే, డాక్టరును అడగకుండ ఇయ్యకు.

పరిశోధన రోగి కాడికి రావడానికి ఏండ్లు పడ్తది, కానీ వస్తది. 1895ల భీమవరంల పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాల లెడర్లీ కంపెనీల చేయించిన అమినోప్టెరిన్‌తోని 1948ల రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగనన్న ఊరట దొరికింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇయ్యాల్టికీ మందుల చీటీలల్ల ఉన్నది. ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ అనే తక్కువ ధర గోలీలు కలిపి ఇచ్చి ముంబై టాటా దవాఖాన మంచి ఫలితం చూపెట్టింది, 2020ల ఆ వివరాలు అచ్చైనయి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్త. అద్దం ముందట, వెలుతురుల నోరు తెరిచి చూసుకో. రెండు వారాలైనా మానని పుండు, తెల్లటి లేకుంటె ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగ తెరుచుకోకపోవుడు, మెడల గడ్డ, రొమ్ముల గట్టితనం, ముట్టు ఆగినంక రక్తం, మూడు వారాలు దాటిన దగ్గు, బొంగురు పోయిన గొంతు, వీటిల ఏది కనపడ్డా దాచుకోకు. నొప్పి లేదు కదా అని ఊకోకు. మొదట్ల క్యాన్సర్‌కు నొప్పి ఉండకపోవచ్చు. 30 ఏండ్లు దాటినోళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలల్ల చెయ్యాలని జాతీయ కార్యక్రమమే ఉన్నది. ఆశా అక్కను అడుగు, ఏ రోజు చేస్తరో చెప్తది. జగిత్యాలకు 2022ల, సిరిసిల్లకు 2023ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినయి. పెద్ద చికిత్స కావాలంటె హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉన్నది. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు. కార్డు, ఆధార్, పాత రిపోర్టులు ఒక సంచిల పెట్టి ఉంచు.

వేములవాడ రాజన్నకు మొక్కుకో, కోడెను కట్టు, నేను వద్దనను. మొక్కు మొక్కిన వారంలనే పరీక్ష సుత చేయించుకో. ఇంట్ల ఎవలకన్న రోగం తేలితే, పాపం, ఉసురు అన్న మాట నోట్లకు రానియ్యకు. ఆమె కణాలల్ల ఆపాల్సింది ఆపలేదు, ఆపగూడనిది ఆపింది, అంతే. అది ఆమె తప్పు గాదు, నీ తప్పు గాదు. ఆమె పక్కన కూసో, ఆమె పల్లెంలనే అన్నం కలిపి పెట్టు, బస్సెక్కి దవాఖాన దాక తోడువో. చాట పక్కన పెట్టి ఒక్క పూట పోతే ఆ పూట కూలి పోతదని తెలుసు. అయినా పో చెల్లె, వాడకట్టు అక్కలందరు కలిసి ఒక్కటే రోజు పొండి, ఒకరికొకరు ధైర్యంగ ఉంటది. మళ్ల నెల ఇంకో ముచ్చటతోని వస్త.